హైదరాబాదు నుంచి వచ్చిన చిరుగులు

టీవీ సీరియల్లో పాత్రలకి బట్టలు నిర్ణయించే పెద్దమనిషే లేకపోతే, మనం ఎవరమో మనకి తెలిసేది కాదు!

కోప్పడకండి. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి ఆలోచించండి. పొద్దున్న లేచి మీరు చొక్కా ఎలా ఎంచుకుంటున్నారు? దండెం మీద ఏది ఆరితే అది తొడుక్కుంటున్నారు. ఇదేం పద్ధతండీ? మీ ఆస్తి ఎంత, మీ వృత్తి ఏమిటి, కథలో మీరు మంచివారా, చెడ్డవారా అన్నది మీ చొక్కా చూసి ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. మా కోనసీమ నిండా ఇలాంటి బాధ్యత లేని చొక్కాలే తిరుగుతున్నాయి.

నా చొక్కానే తీసుకోండి. (నిజంగా తీసుకోకండి, బయటికి వేసుకెళ్ళేది అదొక్కటే.) కుడి చంక కింద జానెడు చిరుగు. నాకు చెయ్యెత్తకుండా మాట్లాడ్డం రాదు. నేను చెయ్యెత్తినప్పుడల్లా నాతోపాటు చొక్కా కూడా నోరు తెరుస్తుంది. కాస్త కుట్టి పెట్టమని మా ఆవిడని అడిగితే, ముందు మీ నోటికి రెండు కుట్లు వేయించుకోండి, చంక దానంతటదే మూసుకుంటుంది అంది. చిరునవ్వుతో అందేమో అనుకున్నాను. కాదు, చిరుగు నవ్వు.

అలాంటి అరాచకంలో బతుకుతున్న మా దగ్గరికి టీవీ వచ్చింది. మా వైపు యాంటెన్నా కొబ్బరిచెట్టు మొవ్వులో కడతారు. కాయలు దింపే మనిషే చెట్టు ఎక్కి దాన్నీ తిప్పుతాడు. పైనుంచి ఆయన "బొమ్మొచ్చిందాండీ?" అని అరవడం, కింద ఇంట్లోంచి అందరూ "ఇసకొచ్చింది" అనడం, అది మా సాయంకాలపు ప్రార్థన.

ఆ ఇసకలోంచే మేము నేర్చుకున్నాం. ఎంత క్రమశిక్షణండీ టీవీలో! జమీందారు నిద్రలో కూడా జరీ కండువా వదలడు. డాక్టరు తన కూతురి పెళ్ళిలో సైతం స్టెతస్కోపు మెళ్ళో వేసుకునే అక్షింతలు వేస్తాడు. లాయరు నల్లకోటుతోనే పెరుగన్నం కలుపుతాడు. దొంగకి అడ్డచారల బనియను. తాగుబోతుకి గళ్ళ లుంగీ. మా మేనమామ జన్మలో చుక్క ముట్టి ఎరగడు, కాని గళ్ళ లుంగీ కడతాడు. టీవీ వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో పిల్లలు ఆయన్ని చూసి పక్కకి తప్పుకుంటున్నారు. తప్పు టీవీది కాదు, లుంగీది!

ఇక క్రైస్తవ పాత్ర అయితే మగవాడికి తలమీద టోపీ, ఆడమనిషికి మోకాళ్ళదాకా గౌను. మా కోనసీమలో ఇన్ని చర్చిలున్నాయి, ఇంతమంది విశ్వాసులున్నారు, గౌను మాత్రం చంటిపిల్లల ఒంటిమీద తప్ప కనబడదు. అంటే ఏమిటి? ఇన్నాళ్ళూ మన క్రైస్తవులకి సరైన కాస్ట్యూమర్ దొరకలేదన్నమాట!

దొరికాడు. పేరు రాఘవులు. హైదరాబాదు నుంచి ఒక సీరియల్ కంపెనీ మా ఊరికి షూటింగుకి వచ్చినప్పుడు, పి.గన్నవరం అక్విడక్టు మీదుగా ఒక వ్యాను నిండా ట్రంకు పెట్టెలతో దిగాడు. కంపెనీ పేరు చెప్పను. చెబితే మళ్ళీ వస్తారేమోనని భయం... కాదు, ఆశ.

కథ ఏమిటంటే, ఒక జమీందారు, ఆయన పొలంలో కూలీలు, వాళ్ళ పిల్లల్ని బడికి పంపమని జమీందారుకి ఎదురునిలిచి మాట్లాడే ఒక టీచరమ్మ. మంచి కథే. పల్లెటూరి కథ కనక పల్లెటూళ్ళోనే తీయాలని, పల్లెటూరి జనంతోనే తీయాలని డైరెక్టరు గారి పట్టుదల. ఎవరు రోజూ ఎలా ఉంటారో అలాగే రావాలి, ప్రత్యేకంగా తయారవకండి అని పంచాయతీ వాళ్ళచేత టముకు వేయించాడు.

అక్కడే వచ్చింది చిక్కు. కెమెరా అంటే మాకు తెలిసింది ఒక్కటే, అమలాపురంలో ఫొటో స్టూడియో. అక్కడికి రోజూ ఉన్నట్టు వెళితే ఫొటోగ్రాఫరే మొహం చిట్లించి, గోడకున్న కోటు తీసి తొడిగి, చేతికి దువ్వెన ఇస్తాడు. కెమెరా ముందుకి మామూలుగా రమ్మంటే మర్యాదకి అన్నారనుకున్నాం. భోజనానికి పిలిచి "ఏదో పచ్చడి మెతుకులండి" అంటారే, అలాగ.

మర్నాడు ఊరు ఊరంతా పెళ్ళివారిలా దిగింది! టెర్లిన్ చొక్కాలు, నైలాన్ చీరలు, పాండ్సు పౌడరు, సెంటు. బావమరిది దగ్గర అరువు తెచ్చుకున్న నల్లకళ్ళద్దాలు. అంతర్వేది నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పోలిరాజు, సముద్రంలో వేటకి వెళ్ళే మనిషి, కాళ్ళకి బూట్లు కూడా తొడిగాడు. కరుస్తున్నాయని ఒక బూటు చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు.

రాఘవులు ఆ జనాన్ని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుని వ్యాను మెట్టుమీద కూలబడ్డాడు. పల్లెటూరని చెప్పి తనని ఏ సినిమాహాలు గుమ్మానికో తీసుకొచ్చి పడేశారని డైరెక్టరుతో మొర పెట్టుకున్నాడు.

అయినా వృత్తి మీద భక్తి గల మనిషి. పని మొదలుపెట్టాడు. జనంలో సఫారీ సూటు వేసుకుని హుందాగా నిలబడ్డ ఒకాయన్ని చూసి "ఈయనే జమీందారు!" అని టేపు పట్టుకుని పరిగెత్తాడు. ఆయన సుందరరావు, సహకార బ్యాంకులో గుమాస్తా, కాలవ అవతల పేటలో ఉంటాడు. అక్కడే కొబ్బరికాయలు ఒలిపిస్తూ, చిల్లుల బనియనుతో, తలకి గావంచాతో, చేతులకి పీచు మరకలతో ఒక పెద్దాయన నిలబడి ఉంటే, రాఘవులు ఆయన్ని చిటిక వేసి పిలిచి "ఏయ్, ఆ పెట్టె ఇలా పట్టుకురా" అన్నాడు.

"ఆయ్. ఎక్కడ పెట్టమంటారండీ?" అని ఆయన పెట్టె ఎత్తి తెచ్చి పెట్టాడు.

ఆయన అమ్మిరాజు గారు. షూటింగు జరుగుతున్న ఆ మండువా లోగిలి, ఆ కొబ్బరితోట, దాని వెనకాల కనుచూపుమేర వరిచేలు, అన్నీ ఆయనవే. చిల్లుల బనియను కూడా ఆయన సొంతమే.

సంగతి తెలిశాక రాఘవులుకి సిగ్గుతో చచ్చినంత పనైంది. మీరైతే ఏం చేస్తారు? నోరు మూసుకుని ఇంటికి పోతారు. అందుకే మీరు కాస్ట్యూమర్ కాలేదు! రాఘవులు అప్పటికప్పుడు ఒక కొత్త శాస్త్రం కనిపెట్టాడు. బట్టని బట్టి మనిషిని పోల్చుకోవడం పాత పద్ధతి. దానివల్లే పొరపాట్లు. ఇక మనిషి బట్ట చూడ్డం మానేసి ఒకే ఒక్క ప్రశ్న వేయడం మొదలెట్టాడు.

"మీరు ఎక్కడుంటారు?"

అంతే! టేపు జేబులో పెట్టేశాడు. కొలత ఒంటికి కాదండీ, ఇంటికి!

పెట్టెలు కూడా అలాగే సర్దించాడు. ఊళ్ళో వీధులవాళ్ళకి ఒక పెట్టె, పట్టు పంచెలు, జరీ కండువాలు. కాలవ అవతల పేటకి ఒక పెట్టె. ఏటి ముఖాన ఉండేవాళ్ళకి గోచీలు, వలలు. కాస్ట్యూమ్ అన్న మాటలో మొదటి సగం ఇంగ్లీషులో ఏమవుతుందో మీకే వదిలేస్తున్నాను. శ్లేష కనబడితే జొల్లు కార్చే మనిషిని, అయినా ఇక్కడ నిగ్రహించుకున్నాను. గమనించగలరు.

పోలిరాజు టెర్లిన్ చొక్కా, చేతి గడియారం, రెండో బూటు విప్పించి, గోచీ పెట్టించి, భుజాన వల వేయించి మండువాలో కూచోబెట్టారు.

"ఇంట్లో వలెందుకండీ?" అన్నాడు పోలిరాజు.

"నువ్వు జాలరివని తెలియాలి కదా."

"చేపలకి తెలుసండీ," అన్నాడతను. అని, బూట్లు ఎవరైనా పట్టుకుపోతారేమోనని వాటినీ వల్లోనే పెట్టుకున్నాడు.

నా వంతు వచ్చింది. ఎక్కడుంటారన్నాడు. రామాలయం వీధి అన్నాను. అద్దె ఇల్లా, సొంత ఇల్లా అని కూడా అడగలేదు మహానుభావుడు! ఊరి పెద్ద వేషం ఇచ్చి, పట్టు కండువా తీసి, నా కుడిభుజం మీంచి చంక కిందుగా వేసి, లోపలి చిరుగు కనబడకుండా పిన్నీసు పెట్టాడు. "మీకు పెట్టిపుట్టిన పెద్దరికం ఉంది సార్" అన్నాడు. పెట్టింది పిన్నీసే గాని, మాట మాత్రం గుచ్చుకోలేదు.

ఇప్పుడు దీనమ్మ టీచరు గారి సంగతి చెప్పాలి.

కాలవ అవతలి గట్టున చర్చి, చర్చి చుట్టూ పేట. ఒకప్పుడు ఆ పేటవాళ్ళంతా అమ్మిరాజు గారి తండ్రుల, తాతల చేలల్లో ఊడ్పులకీ కోతలకీ వచ్చినవాళ్ళే. ఇవాళ పేటలో టీచర్లున్నారు, నర్సులున్నారు, గుమాస్తాలున్నారు. దీనమ్మ గారు మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మిస్ట్రెసు. వాళ్ళమ్మ సుందరమ్మ గారు చేలో వంగి వంగి, వంగిన నడుం మళ్ళీ పూర్తిగా లేవకుండానే ఈ ఒక్కగానొక్క పిల్లని చదివించింది.

షూటింగు చూడ్డానికి బడి ఎగ్గొట్టిన పిల్లల్ని వెనక్కి తోలుకుపోవడానికి దీనమ్మ గారు వచ్చి ఒక్క కేక వేశారు. ఆ గొంతు విని డైరెక్టరు గారు లేచి నిలబడ్డాడు. టీచరమ్మ వేషం ఈవిడదే అన్నాడు. సీను ఒక్కటే, బడి మెట్లమీద నిలబడి జమీందారుతో నాలుగు మాటలు అనాలి. దీనమ్మ గారు సిగ్గుపడ్డారు, ఆలోచించుకుంటానన్నారు, మర్నాటికి ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నది ఆవిడ, మురిసిపోయింది వాళ్ళమ్మ. కూతురు టీచరైన రోజున సుందరమ్మ గారు ఎవరికీ చెప్పుకోలేదట, దిష్టి తగులుతుందని. ఈసారి మాత్రం రాజోలు, ముమ్మిడివరం, ఎక్కడెక్కడి చుట్టాలకీ కబురంపింది. మా పిల్ల టీవీలో టీచరు అవుతుంది, చూడండని. ఆ మధ్యాహ్నమే చర్చిలో పాస్టరు గారి చేత ప్రార్థన కూడా చేయించింది.

దీనమ్మ గారు ఎప్పుడూ బడికి కట్టుకునే చీరే కట్టుకుని వచ్చారు. గంజి పెట్టిన తెల్ల నూలు చీర, సన్న నీలం అంచు, చేతికి గడియారం, చంకలో గొడుగు. ఊరంతా ముస్తాబై వస్తే, రోజూ ఉన్నట్టు వచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే.

రాఘవులు ఆ శాస్త్రీయమైన ప్రశ్న అడిగాడు.

"పేటలోనండి," అన్నారావిడ.

రాఘవులు చెయ్యి పట్టు చీరల పెట్టె దాకా వెళ్ళి ఆగింది.

"టీచరు వేషానికి మీరు నప్పరమ్మా."

"నేను టీచర్నేనండి."

"అది మీ ఊళ్ళో. టీవీలో జనం నమ్మాలి కదా."

ఆహా, ఎంత లోతైన మాటండీ! ఇన్నేళ్ళుగా మా ఊరి పిల్లలంతా ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దారు. వాళ్ళు నమ్మారు, వాళ్ళ తల్లిదండ్రులు నమ్మారు, జీతం ఇచ్చే గవర్నమెంటు నమ్మింది. జనం నమ్మరేమోనన్న అనుమానం హైదరాబాదు నుంచి ఒక మనిషి వచ్చి చెప్పేదాకా ఒక్కరికీ రాలేదు!

డైరెక్టరు గారు కాస్త గొణిగాడు. రాఘవులు ఆయన చెవిలో ఏదో అన్నాడు. టీచరు వేషానికి హైదరాబాదు నుంచి ఒక నటి వస్తుందనీ, దీనమ్మ గారు కూలిమనిషి వేషం వేస్తారనీ తేలింది. పేటకి కేటాయించిన పెట్టె తెరిచి ఒక మూట తీశారు. దీనమ్మ గారికీ, పేటలో మిగతా ఆడవాళ్ళకీ చీరలు. ఆదివారం షూటింగు, అప్పటిదాకా ఇళ్ళ దగ్గర కట్టుకుని అలవాటు చేసుకోమన్నారు.

ఆ చీరల గురించి చెప్పాలి. అవి మామూలు చీరలు కావు, కళాఖండాలు! రాఘవులు వాటిని టీ డికాషన్లో నానబెట్టాడు. ఇటుక ముక్కతో రుద్దాడు. బ్లేడుతో గీసి, దారాలు లాగి, ఆ పైన ఎర్రమట్టి పూశాడు. మా డెల్టా మట్టి నల్లన. ఆయన ఎర్రమట్టి కూడా హైదరాబాదు నుంచే సంచిలో తెచ్చుకున్నాడు. మా పేదరికం సరిపోదేమోనని, పాపం, పేదరికాన్ని వ్యానుమీద వేసుకొచ్చిన ధర్మాత్ముడు!

చుట్టూ ఆవిడ బడిపిల్లలు నిలబడి ఉన్నారు. పిల్లల ముందు గొంతు పెంచి గొడవపడ్డం దీనమ్మ గారికి చేతకాదు. మూట తీసుకుని వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి దాన్ని అరుగుమీద పడేసి, తల్లికి ఏం చెప్పాలో తెలీక, తలనొప్పిగా ఉందని లోపలికెళ్ళి పడుకున్నారు.

ఆ మర్నాడు శనివారం.

మా పేట సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. శనివారం మధ్యాహ్నం పేటలో కాలవ రేవు చూడాలి. ఆదివారం చర్చికి కట్టుకునే బట్టలన్నీ ఆ పూటే ఉతుకుతారు. సబ్బు, తరవాత నీలిమందు, తరవాత గంజి. సాయంత్రానికి కంచుచెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ. చేలో పనికి వెళ్ళిన రోజుల్లో కూడా, ఒంటిమీద ఎన్ని అతుకులున్నా, ఆదివారం పూట తెల్లగా, మడత నలక్కుండా దేవుడి ముందు నిలబడ్డం ఆ పేట వాడుక. సుందరమ్మ గారి తల్లి నాటి నుంచి వస్తోంది.

దీనమ్మ గారు బడికెళ్ళాక, అరుగుమీద మూట విప్పి చూసిన సుందరమ్మ గారికి గుండె నీరైపోయింది. ఇవి వేషాలని ఎవరూ చెప్పలేదు. టీవీవాళ్ళు పని మీద ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు, బట్టలు బాగుచేయించుకోడానికి పంపేరనుకుంది.

"ఎవరివో గాని పాపం," అందట పక్కింటావిడతో, "సూది పట్టుకునే దిక్కు లేని ఇల్లులా ఉందమ్మా."

ఇక చూసుకోండి! పేటలో ఆడవాళ్ళంతా సూదీ దారం పట్టుకుని అరుగులెక్కారు. ప్రతి చిరుగుకీ దగ్గర దగ్గరగా కుట్లు. పెద్ద చిరుగులకి లోపలినుంచి అతుకు. రేవులో పడేసి బండకేసి బాదితే ఎర్రమట్టి కాలవలో కలిసిపోయింది. డికాషన్ మరక మొండికేస్తే నిమ్మచెక్క పెట్టి రుద్దారు. నీలిమందు పెట్టారు. గంజి పెట్టారు. గోరంత మురికి మిగలనివ్వకుండా, హైదరాబాదు పేదరికం మొత్తం మా కాలవలో ఉతికి ఆరేశారు!

ఆదివారం ప్రార్థన అవగానే, తెల్లచీరల్లో, చేతుల్లో బైబిళ్ళతో, పేట ఆడవాళ్ళు గట్టుమీద వరసగా మండువాకి వచ్చారు. ముందు సుందరమ్మ గారు. చేతుల్లో ఇస్త్రీ మడతల దొంతర, పైన ఉతికిన తువ్వాలు కప్పి. కూతురు టీచరు వేషం వేస్తుంటే చూద్దామని వస్తోంది. వెనకాల గొడుగుతో దీనమ్మ గారు. దారి పొడుగునా చెప్పాలనుకుంటూ, చెప్పలేకపోతూ.

రాఘవులు తువ్వాలు తీసి చూశాడు. ఒక చీర విప్పాడు. ఫెళఫెళలాడింది. ఇంకోటి విప్పాడు.

మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. ఎన్నాళ్ళో కూచుని మాపిన మాపు! ఒక కళాకారుడికి ఇంతకన్నా ఘోరం జరుగుతుందా? ఏడుపు దిగమింగుకుని జేబులోంచి బ్లేడు తీశాడు. భుజం దగ్గర కుట్టు వెతికి పట్టుకున్నాడు.

"ఆగండి బాబూ," అంది సుందరమ్మ గారు. "అది చిరుగు కాదండి. నా కుట్టు."

"తెలుసమ్మా. చిరుగే కావాలి. ఇది మీ అమ్మాయి కట్టుకోవాలి."

"మా అమ్మాయి టీచరండి."

"మారిపోయింది. కూలిమనిషి వేషం ఇచ్చాం."

సుందరమ్మ గారు వెనక్కి తిరిగి కూతురి మొహం చూసింది. అందులో ఉన్నదంతా చదువుకుంది. చదువు రాని మనిషే. తరవాత రాఘవులు చేతిలోంచి చీర తీసుకుని, బ్లేడు తగలకుండా, మెల్లిగా మడతపెట్టింది.

"ఆ వేషం నేనేసేసేనండి," అంది. "నడుం వంగేదాకా వేసేను. మా ఇంట్లో అది అయిపోయిందండి. మా పిల్లకి మళ్ళీ ఎందుకు బాబూ?"

అన్నది గట్టిగా కాదు, కోపంగా కాదు. ధర చెప్పినట్టు, దారి చెప్పినట్టు చెప్పింది. పెట్టె మోసిన అమ్మిరాజు గారు ఆవిడని తన చేలల్లో వంగుని ఉండగా చూసిన మనిషి. ఆయన గావంచా తీసి మొహం తుడుచుకున్నాడు.

దీనమ్మ గారు గొడుగు విప్పి తల్లికి పట్టారు. ఇద్దరూ గట్టుమీద పడి వెళ్ళిపోయారు. పేట ఆడవాళ్ళంతా ఆ వెనకే. చీరల దొంతర మాత్రం అరుగుమీద చక్కగా పెట్టి వెళ్ళారు. పైన తువ్వాలు కప్పి.

ఇప్పుడు కూలీలు లేరు. సీరియల్ ఆగిపోయిందనుకున్నారా? కాస్ట్యూమర్ ఉండగా ఆగడం ఏమిటి! రాఘవులు చీరలన్నీ మళ్ళీ చింపాడు. కట్టుకునేదెవరన్నది ప్రశ్న. పేటలో అడిగితే, పిల్లలకి పరీక్షలన్నారు, గేదె ఈనిందన్నారు, ఒక్కరూ రాలేదు. ఊళ్ళో వీధులవాళ్ళు మాత్రం ఎగబడ్డారండీ! అమ్మిరాజు గారి కోడలు సూర్యావతి, పుట్టింట్లోనూ అత్తింట్లోనూ పట్టుచీర తప్ప ఎరగని పిల్ల, నాకు పెద్ద చిరుగున్నదే కావాలని పోట్లాడి తీసుకుంది. ఆవిడ తోడికోడళ్ళు, ఆడబడుచులు, అందరూ చింకి చీరలు చుట్టుకుని, మొహాన మసి పూసుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వి నవ్వి చచ్చారు. ఎన్నడూ చిరగని వాళ్ళకి చిరుగు ఎంత వేడుకో!

టీచరమ్మగా హైదరాబాదు నుంచి వచ్చిన నటి పట్టుచీర కట్టి, తలలో మూర మల్లెపూలు పెట్టి, ముక్కుమీద కళ్ళద్దాలు పెట్టింది. బలపం ఏ చేత్తో పట్టుకోవాలని నన్ను అడిగింది.

కట్టుకున్న చీర, చెప్పుకున్న కథ. రెండూ కలిపితే కట్టుకథ అయింది.

సీరియల్ టీవీలో వచ్చే రోజు వచ్చింది. మా ఊళ్ళో టీవీలు రెండే. అమ్మిరాజు గారింట్లో కలరు టీవీ, దీనమ్మ టీచరు గారింట్లో బ్లాక్ అండ్ వైటు. కోడలి వేషం చూడ్డానికి వచ్చిన చుట్టాలతో అమ్మిరాజు గారిల్లు కిక్కిరిసిపోయింది. పట్టు కండువా వేసుకున్న ఊరి పెద్దకి గుమ్మంలో కూడా చోటు దొరకలేదు. పేట వైపు నడిచాను.

దీనమ్మ గారు కుర్చీ వేశారు. సుందరమ్మ గారు కింద చాపమీద కూచుంది. కబురందిన చుట్టాలు ఎవరూ రాలేదు, రావద్దని మళ్ళీ కబురంపారట. కాయలు దింపే మనిషి చెట్టు మీదనుంచి అరిచాడు, మేము బదులు అరిచాం, ఇసకలోంచి మా ఊరు వచ్చింది.

రాఘవులు హైదరాబాదు నుంచి మోసుకొచ్చిన ఎర్రమట్టి ఆ టీవీలో నల్లగా, అచ్చం మా మట్టిలాగే కనబడింది. చూశారా ఆయన ముందుచూపు! మల్లెపూల టీచరమ్మ మెట్లమీద నిలబడి మాట్లాడింది. బలపం ఎడంచేత్తోనే పట్టుకుంది. సుందరమ్మ గారు ఆవిడని చూసి, చాపమీంచి తలెత్తి పక్కనున్న కూతుర్ని చూసి, మళ్ళీ ఆవిడని చూసింది.

తరవాత కూలీలు వచ్చారు. ముందు సూర్యావతి. భుజం మీద జానెడు చిరుగు.

"అమ్మిరాజు గారి కోడలు గారు కదండీ?" అని సుందరమ్మ గారు మొహం తెర దగ్గర పెట్టి చూసింది. "భుజం దగ్గర రెండు వరసలేసేనండి. విప్పేసేరు."

ఇంతలో నేను వచ్చాను. అదేనండీ, తెరమీద. పట్టు కండువా, ఎత్తిన చెయ్యి, కూలీలకి తీర్పు చెబుతూ! ఏం నిండుదనం, ఏం దర్జా! ఆగలేక "అదిగో నేనే!" అని ఇంట్లో కూడా చెయ్యి పైకెత్తాను.

అందరూ టీవీ వైపు చూశారు. సుందరమ్మ గారు ఒక్కతే నా చంక వైపు చూసింది.

లేచి లోపలికెళ్ళి సూదీ దారం తెచ్చింది. దీనమ్మ గారు దీపానికి ఎదురుగా పెట్టి సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు.

"టీవీలో చీరకి సూది అందదు బాబుగారూ," అంది సుందరమ్మ గారు. "మీ చొక్కా ఇలా ఇయ్యండి."

చొక్కా విప్పి ఇచ్చాను. తెరమీద మాత్రం నేను పట్టు కండువాతో ఇంకా తీర్పు చెబుతూనే ఉన్నాను.